పేజ్‌మేకర్ పోయింది సరే, ఇరవయ్యేళ్ల పని ఎక్కడుంది?

ప్రశ్న: మాది డాబాగార్డెన్స్‌లో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, గుడి కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఏడాదికి రెండు మూడు సావనీర్లు చేస్తాం. 2003లో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 బిల్లుతో సహా కొన్నాను, పక్కన తెలుగు కోసం అను ఫాంట్లు. అప్పట్నుంచి దాని మీదే బతుకు. మొన్న పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొంటే విండోస్ 11తో వచ్చింది, దాంట్లో పేజ్‌మేకర్ ఎక్కడం లేదు. మెకానిక్ కుర్రాడేమో "అది ఎప్పుడో ఆపేశారు సార్, ఇన్‌డిజైన్‌కి వెళ్లిపోండి" అన్నాడు. దానికి నెలనెలా డబ్బు కట్టాలట. డబ్బులు పెట్టి కొన్న వస్తువుని వాళ్లిష్టమొచ్చినట్టు ఆపేస్తే అడిగే నాథుడు లేడా? కన్స్యూమర్ కోర్టుకి వెళ్తే ఏమైనా ఉంటుందా? యాభై రెండేళ్లకి మళ్లీ అఆలు దిద్దుకోవాలా? బెంగళూరులో ఉన్న మా అబ్బాయి షాపు మూసేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక డీటీపీ ఆపరేటర్, విశాఖపట్నం

సమాధానం: మాస్టారూ, కోపం సంగతి, కోర్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పాత సీపీయూ ఎక్కడుంది? పోయింది మదర్‌బోర్డే అని రాశారు కాబట్టి హార్డ్ డిస్క్ బతికే ఉండాలి, అంటే మీ ఇరవయ్యేళ్ల పని ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. పాతసామాన్ల వాడికి ఇచ్చేశారేమో అని నా భయం. ఇవ్వకపోతే ఇవాళే డిస్క్ ఊడదీయించి, దానికి సరిపోయే యూఎస్‌బీ అడాప్టర్ పెట్టించి మొత్తం కాపీ తీయించండి. మొత్తం అంటే మొత్తం. ఫైళ్లు ఉన్న ఫోల్డర్ ఒక్కటే తీసుకుని రాకండి, విండోస్ లోపల ఉండే ఫాంట్స్ ఫోల్డర్ కూడా కావాలి, అను ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్ కూడా కావాలి, సీడీలు బీరువాలో ఉంటే వాటినీ ఇప్పుడే డిస్క్‌లోకి ఎక్కించుకోండి, ఎందుకంటే ఆ కాలం సీడీలు ఇక ఎన్నాళ్లు చదవబడతాయో చెప్పలేం.

ఇంకో చిక్కు ఉంది. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫొటో ప్లేస్ చేసినప్పుడల్లా, దీని పూర్తి కాపీని ఫైల్లోనే పెట్టమంటారా అని ఒక పెట్టె వచ్చేది గుర్తుందా? ఫైలు బరువైపోతుందని చాలామంది "నో" కొట్టేవాళ్లు. అలా కొట్టిన ప్రతి ఫైల్లోనూ ఫొటో లేదు, ఫొటో ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంది. కాబట్టి వినాయకుడి బొమ్మలు, బోర్డర్లు, దేవాలయం గోపురాలు ఉన్న ఫోల్డర్లను ఏ డ్రైవ్‌లో ఏ పేరుతో ఉన్నాయో అదే వరసలో దించుకోండి, తర్వాత సర్దుకుందాంలే అని ఒకేచోట కుప్ప పోయకండి. అలా తీసినది రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి షాపులో, రెండోది ఊరవతల చుట్టాలింట్లో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో ఎన్ని షాపుల్లో నీళ్లు నిండాయో, ఎన్నాళ్లు కరెంటు లేదో మీకు నేను చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో కూడా ఉప్పు గాలికి బోర్డులు తుప్పు పట్టే ఊరిది.

ఇప్పుడు కోపం.

మీ కోపం న్యాయమే. ఎవరైనా "అదేంటండీ, టెక్నాలజీ మారుతుంది కదా" అని తేలిగ్గా అంటే నాకూ ఒళ్లు మండుతుంది. అలా అనేవాళ్లకి సాఫ్ట్‌వేర్ అంటే ఫోన్‌లో యాప్, నచ్చకపోతే తీసేసి ఇంకోటి వేసుకుంటారు. మీకు అది చేతికి పట్టిన అలవాటు. ఏ కీ కొడితే ఏమొస్తుందో కళ్లు చూడకముందే వేళ్లకి తెలుసు, పెళ్లి కార్డులో చి.ల.సౌ. పక్కన ఎంత జాగా వదలాలో, తాతగారి పేరు ఏ సైజు దాటితే అవతలివైపు వియ్యంకుడికి కోపం వస్తుందో, అన్నీ ఆ తెర మీదే నేర్చుకున్నారు. కంపెనీ ఆపేసింది ఒక ప్రోగ్రాం, మీకు పోయింది ఇరవయ్యేళ్ల వేగం. ఆ నష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వరు.

కానీ కంపెనీ మిమ్మల్ని మొన్న మోసం చెయ్యలేదు, అది జరిగి చాలా కాలమైంది. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనేసింది, 1999లో అదే అడోబీ నుంచి ఇన్‌డిజైన్ వచ్చింది. 2001లో పేజ్‌మేకర్ 7 వచ్చేసరికే దాని పని దాదాపు అయిపోయింది, 2004లో ఇక కొత్త వెర్షన్లు ఉండవని చెప్పేశారు. అంటే మీరు కొన్న మరుసటి ఏడాదే. అమ్మినవాడికి తెలిసి అమ్మాడో, తెలియక అమ్మాడో ఇప్పుడు తవ్వి లాభం లేదు. ఒక రకంగా మీకు అదృష్టం కూడా కలిసొచ్చింది. పేజ్‌మేకర్‌కి ఆన్‌లైన్ యాక్టివేషన్ గొడవ లేదు, సీరియల్ నంబర్ కొడితే చాలు, అందుకే కంపెనీ వదిలేశాక కూడా అన్నేళ్లు మీకు అన్నం పెట్టింది. దాని తర్వాత వచ్చినవాటికి ఆ భాగ్యం లేదు. 2012 డిసెంబర్‌లో అడోబీ తన పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ల సెట్టు సీఎస్2కి యాక్టివేషన్ సర్వర్లు ఆపేసినప్పుడు, డబ్బు కట్టి కొన్నవాళ్ల కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీలు విడిగా పెట్టాల్సి వచ్చింది. 2013 మే నెలలో ఇకపై కొత్తవి నెలవారీ చందా మీదే అని ప్రకటించారు.

కోర్టు గురించి అడిగారు. మీలాంటి కోపంతోనే అమెరికాలో కొందరు ఆర్టిస్టులు వెళ్లారు. ఫ్రీహ్యాండ్ అని బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉండేది, 2005లో దాన్ని తయారుచేసే మాక్రోమీడియాని అడోబీ కొనేసింది, 2007లో ఫ్రీహ్యాండ్ ఇక ముందుకు సాగదని చెప్పింది. వాడేవాళ్లు సంఘం పెట్టి 2011లో దావా వేశారు, అదీ గుత్తాధిపత్యం కేసు, వస్తువులో లోపం అని కాదు. చివరికి రాజీ కుదిరింది. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు. అక్కడ అంతమంది కలిసి, తాజాగా ఉన్నప్పుడు పోరాడితే వచ్చింది అంత. మీరు ఇరవయ్యేళ్ల కిందటి బిల్లు పట్టుకుని జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తే వకీలు ఫీజు, ఆటో ఖర్చులు తప్ప ఏమీ కనపడవు. ఆ డబ్బు ర్యామ్‌కి పెట్టండి.

గోల చేస్తే అసలు ఫలితమే ఉండదని కాదు, వేడిమీద ఉన్నప్పుడు ఉంటుంది. 2011 జూన్‌లో యాపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చినప్పుడు వీడియో ఎడిటర్లు భగ్గుమన్నారు, మన సినిమా ఎడిటింగ్ రూముల్లో కూడా నడిచిన సాఫ్ట్‌వేరే అది. పాత ఫైనల్ కట్ ప్రో 7లో చేసిన ప్రాజెక్టులు కొత్తదాంట్లో తెరుచుకోలేదు, నాలుగైదు కెమెరాల ఫుటేజ్ కలిపి కోసే మల్టీకామ్ లేదు. అంత గోల జరిగాక 2012 జనవరిలో మల్టీకామ్ ఇచ్చారు. పాత ప్రాజెక్టులు తెరవడం మాత్రం ఇవ్వలేదు, దానికి బయటివాళ్లు చేసిన చిన్న టూల్ కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంకోసారి, 2017లో, గూగుల్ తన చేతిలో ఉన్న నిక్ అనే ఫొటో ఫిల్టర్లకు ఇక అప్‌డేట్లు లేవంది, అదే ఏడాది డీఎక్స్‌ఓ అనే ఫ్రెంచ్ కంపెనీ వాటిని కొని బతికించింది. కొనేవాడు దొరకాలి, లేదా కంపెనీకి మీ డబ్బు ఇంకా అవసరం ఉండాలి. పేజ్‌మేకర్‌కి రెండూ లేవు.

సరే, అసలు విషయానికి వస్తాను, ఇది మీ మెకానిక్ చెప్పి ఉండడు. మిమ్మల్ని కట్టిపడేసింది పేజ్‌మేకర్ అనుకుంటున్నారు. నా దృష్టిలో దానికన్నా గట్టి ముడి అను ఫాంట్లు. ఆ ఫాంట్ల మీద విసురు కాదిది, తెలుగు అచ్చుకి అవి చేసిన మేలు తక్కువది కాదు. కానీ అవి పనిచేసే తీరు చూడండి. మీరు "శ్రీరస్తు శుభమస్తు" అని కొడితే కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ ఉన్న నంబర్లు, వాటి మీద ఫాంట్ తెలుగు వేషం వేస్తుంది. పంచదార అని రాసి ఉన్న డబ్బాలో ఉప్పు పోసినట్టు, ఆ ఇంట్లోవాళ్లకి తెలుసు కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. ఫాంట్ తీసేసి చూస్తే మీ శుభలేఖ పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. కాబట్టి రేపు అడోబీ వాళ్లే దయతలచి పేజ్‌మేకర్ 8 ఇచ్చినా ఆ మ్యాటర్ బయటికి రాదు. వెతకలేరు, వాట్సాప్‌లో పంపలేరు, వెబ్‌సైట్‌లో పెట్టలేరు.

ఈ ఇబ్బంది మీరు రోజూ చూస్తున్నదే, పేరు పెట్టలేదంతే. ఇప్పుడు పెళ్లివారు మ్యాటర్ కాగితం మీద రాసి తెస్తున్నారా? ఫోన్‌లో తెలుగులో కొట్టి పంపిస్తున్నారు. మీరు దాన్ని పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కొడుతున్నారు, ఎందుకంటే ఫోన్లు తెలుగుని తెలుగుగానే దాచుకునే యూనికోడ్ పద్ధతి పేజ్‌మేకర్‌కి తెలియదు. కొట్టేటప్పుడు వియ్యంకుడి ఇంటిపేరులో ఒక ఒత్తు జారుతుంది, ప్రూఫ్‌లో ఎవరూ చూడరు, కార్డులు అచ్చయ్యాక "ఏటండీ ఇది" అని వస్తారు. యూనికోడ్‌కి మారితే ఆ కొట్టుడు ఉండదు, కాపీ పేస్ట్. తప్పుంటే అది వాళ్లు పంపిన తప్పే, చూపించడానికి మెసేజ్ ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే పేజ్‌మేకర్ 7 వచ్చిన 2001లోనే విండోస్ ఎక్స్‌పీ కూడా వచ్చింది, గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్‌ని వెంటబెట్టుకుని. దారి అప్పుడే ఉంది. కానీ గౌతమితో పెళ్లి కార్డు వేస్తే ఎవరు తీసుకుంటారు? అందమైన ఫాంట్లన్నీ అటువైపు ఉన్నాయి, ట్రేడ్ మొత్తం అటే వెళ్లింది. ఇప్పుడు ఆ వంక లేదు. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, షాపు పనికి వాడుకోవచ్చు. అను ముఖాలన్నిటికీ జోడీ దొరుకుతుందని చెప్పను. కొందరు కస్టమర్లు ఆ పాత వంపులే కావాలంటారు, వాళ్లకి కొన్నాళ్లు పాత పద్ధతిలోనే చేసివ్వండి.

దాని కోసం సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ వేట వద్దు. ఇవాళ కొన్నదానికి రేపు అదే మదర్‌బోర్డు జబ్బు. కంపాటిబిలిటీ మోడ్‌లో, అంటే కొత్త విండోస్ పాతదానిలా నటించే పద్ధతిలో, పేజ్‌మేకర్ నడిపిస్తున్నవాళ్లు లేకపోలేదు, మీ మెకానిక్ ఆ ప్రయత్నం చేశాడో లేదో అడగండి, కానీ ముహూర్తాల సీజన్ మధ్యలో ప్రింట్ దగ్గర మొండికేస్తే మీకు దిక్కుండదు. నా ఓటు వర్చువల్ మెషీన్‌కి. వర్చువల్‌బాక్స్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, అది విండోస్ 11 లోపల ఒక కిటికీలో పాత ఎక్స్‌పీని నడుపుతుంది. మీ పాత మెషీన్‌తో వచ్చిన ఎక్స్‌పీ సీడీ, కీ ఉంటే దాన్ని వాడుకోండి. అందులో పేజ్‌మేకర్, అను ఎక్కించండి. నెట్ మాత్రం ఇవ్వకండి, ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. ప్రింటర్ కూడా దానికి తగిలించే పని పెట్టుకోవద్దు, డ్రైవర్లతో జుట్టు పీక్కోవాలి. పేజ్‌మేకర్ 7తో పాటే డిస్టిలర్ వచ్చింది కదా, దాంతో ఫాంట్లు లోపలే కలిపి (ఎంబెడ్ చేసి) పీడీఎఫ్ తీసి, షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, బయట విండోస్ 11 నుంచి ప్రింట్ కొట్టండి. బటర్ పేపర్ మీద రివర్స్ తీయాలన్నా అక్కణ్నుంచే. మొత్తం సిద్ధమయ్యాక ఆ వర్చువల్ మెషీన్ ఫైల్‌ని కూడా డిస్క్‌లో కాపీ పెట్టుకోండి. రేపు ఈ కంప్యూటర్ పోయినా ఇంకోదాంట్లో పెట్టుకుంటే మీ పాత టేబుల్ ఎలా ఉందో అలాగే తెరుచుకుంటుంది.

పీడీఎఫ్ గురించి అడిగారని కాదు గానీ చెప్తున్నాను: 2008 నుంచి అది ఐఎస్ఓ ప్రమాణం, ఒక్క కంపెనీ చేతిలో లేదు. ఇకపై ఏ జాబ్ పూర్తయినా ఫైలుతో పాటు ఫాంట్లు కలిపిన పీడీఎఫ్ ఒకటి పక్కన ఉండాలి. పాతవన్నీ కూర్చుని మార్చాలా అంటే వద్దు, అంత ఓపిక మీకూ లేదు, అవసరం కూడా లేదు. 2009లో పెళ్లయిన జంట కార్డు మళ్లీ ఎవరికి కావాలి? ఏటా తిరిగొచ్చేవి ఏవో చూడండి, గుడి ఉత్సవాల కరపత్రం, పంచాంగం కార్డు, రసీదు పుస్తకాలు, ప్రశ్నపత్రాల మూసలు, సావనీర్లు. వాటిని ముందు పీడీఎఫ్ చేయండి, మళ్లీ ఆర్డర్ వచ్చినప్పుడు ఒక్కొక్కటీ కొత్త పద్ధతిలో కట్టుకోండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడుకోండి, కానీ గుడ్డిగా నమ్మొద్దు. అరసున్నలు, కొన్ని ఒత్తులు, అంకెలు జారిపోతుంటాయి. ఒక మనిషి చదవాల్సిందే.

ఇక ఏ సాఫ్ట్‌వేర్? ఇన్‌డిజైన్ మంచిదే, చందా కడుపుమంట సంగతి పక్కన పెడితే. పాత సీఎస్ కాలం ఇన్‌డిజైన్ అయితే పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లు నేరుగా తెరిచేది కూడా. తెలుగు కోసం అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి, అది తెలియక చాలామంది "ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతున్నాయి" అని వదిలేశారు. మీ పని ఎక్కువ సింగిల్ పేజీలే అయితే పక్క ఫ్లెక్స్ షాపుల్లో ఉండే కోరల్‌డ్రా సరిపోతుంది, నేర్పేవాళ్లు వీధిలోనే దొరుకుతారు. డబ్బు పెట్టకుండా చూడాలంటే స్క్రైబస్ 1.6 ఉంది, పేజీలు కట్టడానికే పుట్టింది, తెలుగు ఒత్తులు కూడా అర్థమవుతాయి, కాకపోతే తెర కొంచెం మొరటుగా ఉంటుంది. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితం అని మీకు ఎవరో ఒకరు చెప్తారు, దాని పాత వెర్షన్లలో తెలుగు సరిగా కుదిరేది కాదు. ఏదైనా సరే, నాదొకటే పరీక్ష: దించుకోగానే "స్త్రీ", "లక్ష్మి", "వైశిష్ట్యం", "కృష్ణార్జునులు" కొట్టి, పీడీఎఫ్ తీసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్కడ చెదిరిందా, అది మీకు పనికిరాదు, ఎంత గొప్ప కంపెనీదైనా. పాత పేజ్‌మేకర్ ఫైలు లోపల ఏముందో ఒకసారి చూడాలంటే లిబ్రే ఆఫీస్ డ్రాతో తెరిచి చూడొచ్చు, పేజీ సొగసు ఉండదు గానీ ఏ జాబో తెలుస్తుంది.

వయసు గురించి రాశారు. మీ భయం సాఫ్ట్‌వేర్ గురించి కాదనుకుంటాను, కీబోర్డు గురించి. ఇరవయ్యేళ్లు అనులో యాపిల్ అనే కీబోర్డు లేఔట్ (అక్షరాల అమరిక) మీద కొట్టిన వేళ్లకి వేరేది చెప్పడం నరకం, నిజమే. అయితే అదే యాపిల్ లేఔట్‌తో యూనికోడ్ కొట్టే టూల్స్ ఉన్నాయి. వేళ్లు మారక్కర్లేదు, లోపల దాచుకునేది మారుతుంది. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం మెనూలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం, అది కొన్నాళ్లు విసుగు తెప్పిస్తుంది, మీ చేత బూతులు కూడా తిట్టిస్తుంది. మాఘమాసంలోనో, శ్రావణంలోనో ఆ పని పెట్టుకోకండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, షాపులో ఈగలు తోలుకుంటారు కదా, అప్పుడు కూర్చోండి. మొదటి జాబ్‌గా పెళ్లి కార్డు వద్దు, తొందరలేని గుడి కరపత్రం ఒకటి తీసుకోండి, పాతదాన్ని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే కట్టండి. కొత్తదాంట్లో కట్టిన పేజీ పాతదాని పక్కన నిలబడిందని మీ కంటికి అనిపించాకే కార్డుల్లోకి దిగండి.

అన్నట్టు, మీకు ప్రశ్నపత్రాలు పంపే స్కూళ్లలో ఎవరైనా మైక్రోసాఫ్ట్ పబ్లిషర్‌లో చేసి పంపుతుంటే వాళ్ల చెవిన వెయ్యండి. 2026 అక్టోబర్ తర్వాత దానికి సపోర్ట్ ఉండదని ఆ కంపెనీ ముందే చెప్పింది. వాళ్ల పాత పేపర్లన్నీ పీడీఎఫ్ చేసిపెట్టే పని మీకే రావచ్చు, ఊరికే చెయ్యకండి, పేజీకింత అని తీసుకోండి. అలాగే మీ దగ్గర పాత ఫైలు తిరగేసి కొత్తగా కట్టే జాబ్‌కి కూడా కంపోజింగ్ చార్జీ వెయ్యాల్సిందే. "పోయినేడు చేసిందే కదండీ" అని బేరమాడతారు, ఆడనివ్వండి.

షాపు మూసేయాలా వద్దా అనేది లెక్కల పుస్తకం చూసి తేల్చుకునే విషయం. రాబడి తగ్గిపోయి, ఫ్లెక్సులూ ఫోన్ ఇన్విటేషన్లూ పని తినేశాయంటే అది వేరే ఉత్తరం, రాయండి, మాట్లాడుకుందాం. కానీ ఒక ప్రోగ్రాం ఎక్కలేదని మూసేయడం నాకు సబబుగా అనిపించడం లేదు. మీ అబ్బాయి కంప్యూటర్లు తెలిసినవాడే అయితే, సలహా ఇవ్వడం ఆపి ఈసారి వైజాగ్ వచ్చినప్పుడు ఆ వర్చువల్‌బాక్స్ ఎక్కించి పెట్టమనండి. ఒక పూట పని. ఎక్స్‌పీ సీడీ, అను సీడీ, పేజ్‌మేకర్ పెట్టె మీద ఉన్న సీరియల్ నంబర్ వాడు వచ్చేలోపు వెతికి బల్లమీద పెట్టి ఉంచండి, లేకపోతే ఆ పూటంతా బీరువాలు సర్దడానికే సరిపోతుంది.